పాలు కావు, పాలు లేవు



ఈ పూట ఒక పాల ప్యాకెట్టు దగ్గర బయల్దేరి స్పానిష్ వ్యాకరణం దాకా వెళ్దాం. దారి కాస్త వంకరే గానీ, మధ్యలో వచ్చే ఊళ్ళన్నీ మనకు తెలిసినవే.

నేనుండేది బెంగుళూరు తూర్పు కొసన, కాడుగోడిలో. 2023 మార్చిలో మెట్రో రైలు మా దాకా వచ్చింది. ఆ స్టేషనుకు వైట్‌ఫీల్డ్ అని పేరు పెట్టి, పక్కన బ్రాకెట్లో కాడుగోడి అని చేర్చారు. కొత్తగా దిగినవాళ్ళు గేటు దగ్గర నిలబడి "ఇది వైట్‌ఫీల్డేనా?" అని అడుగుతారు. ఆటోవాళ్ళు "కాదు మేడం, ఇది కాడుగోడి, వైట్‌ఫీల్డ్ ఇంకా లోపలుంది" అంటారు, మీటరు సంగతి ఎత్తకుండా. అసలు ఆ పేరులో వైట్ అంటే తెలుపు కాదు. అది మనిషి పేరు. ఆంగ్లో ఇండియన్ల సంఘం పెట్టిన డి.ఎస్. వైట్ అనే ఆయన. సేద్యం చేసుకుని బతకమని మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయరు 1882లో ఆ సంఘానికి ఇచ్చిన నేల అది. కాబట్టి వైట్‌ఫీల్డ్ తెల్లపొలం కాదు. ఇప్పుడైతే పొలమూ లేదు.

కాదు, లేదు. ఈ రెండు మాటలూ చెవిలో ఉంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

నేను స్పానిష్ నేర్చుకున్నది సరదాకేం కాదు. మా టీము పనిచేసేది మెక్సికోలో ఉన్న క్లయింటుకు. వాళ్ళకు పొద్దున ఎనిమిదైతే మనకు రాత్రి ఏడున్నర. వాళ్ళు కాఫీ కప్పులతో వచ్చి కూర్చునే వేళకు నేను ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను లాప్‌టాప్ మీద పెట్టుకుని కూర్చుంటాను. మాటలన్నీ ఇంగ్లీషులోనే గానీ, ఏదైనా చిక్కొస్తే వాళ్ళలో వాళ్ళు స్పానిష్‌లోకి జారుకుంటారు. అంతసేపూ మనం గోడకేసి చూస్తూ కూర్చోవాలి. ఆ గోడ చూసీ చూసీ విసుగెత్తి క్లాసులో చేరాను.

రెండో వారంలోనే ఆ జంట వచ్చిపడింది. ఒకటి సేర్, రెండోది ఎస్తార్. రెండూ 'ఉండటం', 'అవడం' అనే అర్థంలోవే. ఇంగ్లీషువాళ్ళు రెంటికీ 'ఈజ్' అంటారు. హిందీవాళ్ళు రెంటికీ 'హై' అంటారు. స్పానిష్‌లో అలా కుదరదు. ఒకటి పెట్టాల్సిన చోట రెండోది పెడితే అర్థమే మారిపోతుంది, లేదా ఎదుటివాళ్ళు నవ్వుతారు.

క్లాసులో మొదట చెప్పే సూత్రం ఏమిటంటే, మారనిదానికి సేర్, మారేదానికి ఎస్తార్. వినడానికి ముచ్చటగా ఉంది. నేను ఆడదాన్ని: మారదు, సేర్. నాకు నీరసంగా ఉంది: రేపటికి తగ్గుతుంది, ఎస్తార్. మూడో రోజు చెయ్యెత్తి అడిగాను, చచ్చిపోయినవాడి సంగతేమిటని. చావుకన్నా మారనిదేముంది? అయినా స్పానిష్‌లో 'ఎస్తా మ్వెర్తో' అంటారు, అంటే అక్కడ ఎస్తారే. మాడ్రిడ్ నగరం స్పెయిన్ వదిలి ఎటూ పోదు కదా, అది స్పెయిన్‌లో ఉందనడానికీ ఎస్తారే. అదే, టైమెంత అంటే మూడు గంటలు అనడానికి మాత్రం సేర్. మూడు గంటలు ఎంతసేపని మూడు గంటలుగా నిలబడతాయండీ?

మా టీచరు నవ్వి, డాక్టర్, ప్లేస్ అని రెండు ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాసి, ఒక్కో అక్షరానికీ ఒక్కో నియమం చెప్పింది. ఇంగ్లీషు వాళ్ళు పడే పాట్లు అవి. ఆ పాట్లు మనమెందుకు పడాలని ఆ రాత్రి మంచం మీద పడుకుని తెలుగులో ఆలోచించడం మొదలుపెట్టాను.

'నేను టీచర్ని.' ఇందులో క్రియ ఎక్కడుంది? లేదు. 'ఆయన మా మామయ్య.' లేదు. 'ఈ చీర పట్టుది.' లేదు. బళ్ళో వీటిని క్రియారహిత వాక్యాలని చెప్పేవాళ్ళు, మార్కుల కోసం బట్టీ పట్టేవాళ్ళం. చేకూరి రామారావుగారి 'తెలుగు వాక్యం' 1975లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు, గ్విన్ అనే ఆయనా కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. వాక్యానికి క్రియ ఉండి తీరాలనేది ఇంగ్లీషు పట్టుదలే గానీ తెలుగుది కాదని అలాంటి పుస్తకాలు చదివితే తెలుస్తుంది. క్రియ లేకపోయినా చిన్న తోక మాత్రం ఉంది, గమనించారా? నేను తెలుగుదాన్ని, నువ్వు తెలుగుదానివి, మనం తెలుగువాళ్ళం. చివరి ఆ ని, ఆ వి, ఆ సున్నా. స్పానిష్‌వాడు సోయ్, ఎరెస్, సోమోస్ అని విడిగా చెప్పేదాన్ని మనం పేరుకే ముడివేసి చెబుతున్నాం.

రెండోవైపు చూడండి. 'నేను ఇంట్లో ఉన్నాను', 'కాఫీ వేడిగా ఉంది', 'తలుపు తీసి ఉంది'. వీటికి 'ఉండు' లేనిదే గడవదు. స్పానిష్‌లో మూడింటికీ ఎస్తార్. 'కోమో ఎస్తాస్?' అంటే ఎలా ఉన్నావు. 'కోమో ఎరెస్?' అంటే నువ్వెలాంటి మనిషివి. మంచం మీద లేచి కూర్చున్నాను. పెళ్ళి ఎక్కడండీ అంటే తిరుపతిలోనండీ అంటాం, క్రియ అక్కర్లేదు. వేడుక ఫలానా చోట అని చెప్పడానికి స్పానిష్‌వాళ్ళూ సేరే వాడతారు. పెళ్ళికొడుకు మాత్రం తిరుపతిలో ఉన్నాడు, వాడికి ఎస్తార్. ఇంగ్లీషువాళ్ళకు ఇది మినహాయింపుల జాబితాలో కనిపిస్తుంది. మనకు అమ్మమ్మ మాట్లాడే మాట.

ఇంకొకటి. 'తింటున్నాను' అనేదాన్ని మెల్లగా పలకండి. తింటూ ఉన్నాను. ఆ ఉన్నాను లోపల దాక్కునుంది. స్పానిష్‌లో 'ఎస్తోయ్ కొమియెందో', ఎస్తార్‌తోనే. వాళ్ళ ఎస్తార్ పుట్టింది లాటిన్‌లో నిలబడడమనే అర్థమున్న క్రియ నుంచి. మనమూ ఆటోవాణ్ణి ఆపాలంటే 'కాస్త ఉండు బాబూ' అంటాం కదా. ఇక సేర్‌లో లాటిన్ క్రియలు రెండు కలిసిపోయాయి, వాటిలో ఒకటి కూర్చోవడం. అంటే స్పానిష్‌వాళ్ళ మనుగడ సగం కూర్చుని, సగం నిలబడి.

సరే, సూత్రం దొరికింది. తెలుగులో క్రియ లేకపోతే సేర్, 'ఉండు' ఉంటే ఎస్తార్. మూడు వారాలు క్లాసులో నన్ను పట్టుకున్నవాళ్ళు లేరు.

నాలుగో వారం పరువు పోయింది. రాత్రి కాల్‌లో అవతలివాళ్ళు, రిలీజుకు మీరు రెడీయేనా అని అడిగారు. మనసులో తెలుగు వాక్యం కట్టుకున్నాను: మేం రెడీ. క్రియ లేదు. కనుక సేర్. 'సోమోస్ లిస్తోస్' అని గట్టిగా అన్నాను. రెండు క్షణాలు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని, "అందులో మాకేం అనుమానం లేదు" అన్నాడు. 'లిస్తో' అనే మాట ఎస్తార్‌తో కలిస్తే సిద్ధం అని అర్థం, సేర్‌తో కలిస్తే తెలివైనవాడు అని. వాళ్ళు అడిగింది పని సంగతి. నేను చెప్పింది, మేం మహా తెలివైనవాళ్ళం అని. ఆ రాత్రి రిలీజు మధ్యలోనే పడిపోయింది. కాబట్టి ఏ అర్థంలో తీసుకున్నా నేను చెప్పింది అబద్ధమే.

మర్నాడు పొద్దున నిద్ర చాలని మొహంతో పాలకు వెళ్ళాను. మా వీధి చివర కొట్టు నడిపే అక్కది ముళబాగిలు వైపు. కోలారు జిల్లాలో ఆ పక్కంతా తెలుగు బాగా వినిపిస్తుంది. నాతో తెలుగు, గిరాకీతో కన్నడం, సరుకు వేసే కుర్రాడితో రెండూ కలిపి మాట్లాడుతుంది. నాకన్నా ముందు ఒకాయన నీలం క్రేటులో చెయ్యి పెట్టి ఒక నందిని ప్యాకెట్టు తీశాడు. అక్క గల్లాపెట్టె దగ్గర్నుంచి కదలకుండానే కేకేసింది: "అదు హాలల్ల, మొసరు. హాలిల్ల."

మీకు రేడియోలో చూపించడానికి నా దగ్గర బోర్డు లేదు, కానీ ఇది చెవికే సంబంధించిన సంగతి. మళ్ళీ వినండి. హాలల్ల. హాలిల్ల. కన్నడంలో హాలు అంటే పాలు, మొసరు అంటే పెరుగు. మధ్యలో ఒక్క అచ్చు మారింది. మొదటిదానికి అది పాలు కాదు అని అర్థం. రెండోదానికి పాలు లేవు అని. అల్ల, ఇల్ల. కాదు, లేదు.

ప్యాకెట్టు చేతికి తీసుకోవడం మరిచిపోయి నిలబడిపోయాను. నేను ఇన్నాళ్ళూ తెలుగు వాక్యాన్ని ఔననే వైపు నుంచి చూస్తున్నాను. అటు చూస్తే ఒక క్రియ కనిపించదు, కనిపించనిదాన్ని లెక్క పెట్టడంలో పొరపడ్డాను. కాదనే వైపు నుంచి చూస్తే రెండూ బయట పడతాయి. 'మేం రెడీ' అన్నప్పుడు ఏమీ తేలదు. 'మేం రెడీగా లేం' అనండి, లేం అంది కనుక ఎస్తార్. 'మేం తెలివైనవాళ్ళం కాదు' అనండి, కాదు అంది కనుక సేర్. స్పానిష్ క్లాసుల్లో కొత్తవాళ్ళంతా పడే గుంట ఇంకొకటి ఉంది, 'అబుర్రీదా' అనే మాట. 'నాకు విసుగ్గా లేదు' అయితే ఎస్తార్. 'నేను విసుగు పుట్టించేదాన్ని కాదు' అయితే సేర్. విసుగ్గా ఉందని చెప్పబోయి, నాతో మాట్లాడితే మీకు విసుగు పుడుతుందని చెప్పుకున్నవాళ్ళు చాలామంది.

వేసవి వస్తే మా కాడుగోడి బళ్ళ మీదికి శ్రీనివాసపురం మామిడిపళ్ళు దిగుతాయి. వాటికీ ఇదే లెక్క. స్పానిష్‌లో 'వెర్దె' అంటే ఆకుపచ్చ. వి అని రాసి బి అని పలుకుతారు, అది వేరే గొడవ. 'ఎస్ వెర్దె' అంటే రంగు పచ్చ. 'ఎస్తా వెర్దె' అంటే ఇంకా పచ్చిగా ఉంది, పండలేదు. వాళ్ళు క్రియ మార్చి చెప్పేదాన్ని మనం పచ్చ, పచ్చి అని గుడి పెట్టి చెబుతున్నాం. మాగినా పచ్చగానే కనబడే మామిడి రకాలున్నాయి. బండి దగ్గర ఒకావిడ పచ్చివని పక్కన పెడితే, బండతను "పచ్చివి కావమ్మా, రంగే అంత" అన్నాడు. అతని బేరంలో సేర్ ఎస్తార్‌లు రెండూ తక్కెడకెక్కాయి.

అక్కడితో ఆగలేదు. ఔననడంలోనూ మనకు రెండున్నాయి. "ఇవి పాలేనా?" అంటే "అవును". "పాలున్నాయా?" అంటే "ఉన్నాయి". పాలున్నాయా అని అడిగితే అవును అని ఎవరూ అనరు. అన్నారంటే ఇంగ్లీషు మీడియం అని అర్థం. ఆ అవును పాత 'అగును'. దాన్ని తిరగేస్తే కాదు. అంటే మనకు సేర్ లేకపోవడమేమీ లేదు. మామూలు వాక్యంలో అది నోరు విప్పదు. ఎవరైనా నిలదీసి అడిగితే అవునంటుంది, ఒప్పుకోకపోతే కాదంటుంది.

ఇంత చెప్పి, సరిపోనిచోట్లు దాచితే బాగుండదు. 'మా వదిన పొడుగ్గా ఉంటుంది' అంటాం. స్పానిష్‌లో దానికి సేర్, మన వాక్యంలో మాత్రం ఉండు కూర్చునుంది. అయితే ఉంది అనకుండా ఉంటుంది అన్నాం, అది మనిషి తీరు చెప్పే ఉంటుంది. 'ఈ చీరలో అందంగా ఉన్నావు' అంటే ఎస్తార్. 'ఆవిడ అందంగా ఉంటుంది' అంటే సేర్. ఇక కొట్టు అక్క చెప్పిన 'పాలు లేవు' ఎస్తార్ కూడా కాదు. దానికి స్పానిష్‌లో 'ఐ' అని ఇంకో ముక్క ఉంది. ఉన్నాయో లేవో తెలియనివాటికి ఐ, ఉన్నాయని తెలిసినవి ఎక్కడున్నాయో చెప్పడానికి ఎస్తార్. మన 'ఉండు' ఒక్కటే ఆ రెండు పనులూ చేస్తుంది.

మా పై ఫ్లోరు మలయాళీ ఆవిడకు ఈ బాధలు తక్కువ. వాళ్ళకు ఔననే వాక్యంలో కూడా రెండు క్రియలు పైకే వినిపిస్తాయి: ఆణు, ఉండ్. 'ఞాన్ టీచర్ ఆణు' అంటే నేను టీచర్ని. ఆ ఆణు మన అగుకు చుట్టమే. అలాగని ఆవిడ గట్టెక్కేసిందని కాదు. ఆఫీసులో ఉన్నాననడానికీ ఆణు అనేస్తుంది, స్పానిష్‌లో అక్కడ సేర్ పెట్టి టీచరు చేత అక్షింతలు వేయించుకుంటుంది. ఆ రోజుల్లో లిఫ్టు దగ్గర మా ఇద్దరి మాటలు విన్నవాళ్ళు మాకేదో అయిందనుకుని ఉంటారు.

కాడుగోడిలో స్పానిష్ వినాలంటే మెక్సికో కాల్ కోసమే చూడనక్కర్లేదు. ఇక్కడే సత్యసాయిబాబా బృందావనం ఆశ్రమం ఉంది. బాబా ఉపన్యాసాలు తెలుగులో ఇచ్చేవారు, పక్కన ఒకరు అనువాదం చెప్పేవారు. ఆ తెలుగు మాటలు అర్జెంటీనా, మెక్సికో దాకా వెళ్ళాయి, అక్కణ్ణుంచి మనుషులు ఇక్కడికి వచ్చారు. ఒక సాయంత్రం బేకరీలో తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ ఒకామె స్పానిష్‌లో ఫోను మాట్లాడుతుంటే ఆగలేక పలకరించాను. ఆవిడ నా స్పానిష్ విని మురిసిపోయి, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ బయటికి తీసింది. "మీది స్పెయినా?" అని తెలుగులో అడిగాను.

"లేదు," అంది. "అర్జెంటీనా."

కాదు అనాలి కదా. ఆవిడ భాషలో సేర్, ఎస్తార్ రెండూ ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా తడబడి ఉండదు. అయినా మన కాదు, లేదుల దగ్గర నాలాగే బోల్తా పడింది. వాళ్ళకు క్రియలు రెండున్నా 'నో' ఒక్కటే మరి. కాదు, లేదులకు తేడా ఏమిటో స్పానిష్‌లో చెప్పబోయాను. కాదు అంటే నో ఎస్, లేదు అంటే నో ఎస్తా, లేదా నో ఐ. ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్ళుగా వస్తున్నాను, ఈ మాట నాకెవరూ చెప్పలేదే" అంది. వెళ్ళేటప్పుడు, నువ్వు మంచి టీచరువి అంటూ 'ఎరెస్' బదులు 'సోస్' అంది. అర్జెంటీనాలో అలాగే అంటారు. నేను కష్టపడి పట్టు సాధించిన ఎరెస్ అక్కడ చెల్లదన్నమాట.

ఆవిణ్ణి చూసి నవ్వుకున్నాను గానీ, ఇంటికొచ్చాక నవ్వు ఆగిపోయింది. మా వాడు కాడుగోడిలోనే పుట్టి పెరిగాడు. నేల మీద పడున్న పుస్తకం చూపించి "ఇది నీదేనా?" అని అడిగితే "లేదమ్మా" అన్నాడు. వాడి తలలో ముందు 'నో' పుడుతుంది, తర్వాత దానికి తెలుగు చొక్కా తొడుగుతాడు. "కాదు అనాలి నాన్నా" అన్నాను. "ఏదైతే ఏమిటి?" అన్నాడు. వాడికి పాల ప్యాకెట్టు కథ చెప్పాను. మూడో వాక్యానికే లేచిపోయాడు.

ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకోవడమంటే, హొసకోట నుంచి కాడుగోడికి రావడానికి మెజెస్టిక్ దాకా వెళ్ళి మళ్ళీ బస్సెక్కడం. బెంగుళూరులో స్పానిష్ చెప్పేవాళ్ళు మొదటి రోజే ఇంగ్లీషు 'ఈజ్'ను రెండు ముక్కలు చెయ్యమంటారు. క్లాసులో కూర్చున్నవాళ్ళలో తెలుగు, కన్నడ, మలయాళీ పిల్లలే సగానికి పైగా ఉంటారు. వాళ్ళ ఇళ్ళలో అది ఎప్పుడో రెండు ముక్కలై ఉంది. ఈ మాట మా టీచరుతో అంటే, ఆవిడ హిందీ ఆవిడ, ఒక నిమిషం ఆలోచించి, "మీకు అంత సులువైతే ఆ కాల్‌లో అలా ఎందుకన్నారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొన్న కొట్టుకు వెళ్తే అక్క అడిగింది, "ఏం మేడం, రాత్రిళ్ళు ఏదో భాష మాట్లాడతారంటనే, మా పిల్లోడు చెప్పినాడు." స్పానిష్ అక్కా, నీ దగ్గరే సగం నేర్చుకున్నాను అన్నాను. నమ్మలేదు. "అయితే పాలు లేవు అనేదానికి ఏమంటారు?" అంది.

"నో ఐ లేచె."

"లేచెనా?" అంది. పాలను వాళ్ళు లేచె అంటారక్కా అన్నాను. అక్క నవ్వు ఆపుకోలేక గల్లాపెట్టె మీదికి వంగిపోయింది. ఇంతలో ఎవరో వచ్చి క్రేటులో చెయ్యి పెడితే, నావైపు చూస్తూనే వాళ్ళకు చెప్పింది.

"పాలు ఇంకా లేచెలేదు సార్, ఏడు గంటలకు రండి."